ఉత్సాహం వచ్చేదాకా ఆగకండి

ప్రశ్న: నా వయసు 49 ఏళ్లు. ఖమ్మంలో ఉంటాం. మావారు జూనియర్ కళాశాలలో లెక్చరర్. అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. అమ్మాయికి నిరుడు పెళ్లి చేసి బెంగళూరు పంపాం. ఇద్దరూ బాగున్నారు, సొంత ఇల్లుంది, అప్పుల్లేవు. అయినా ఏడెనిమిది నెలలుగా నాకు ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది, ఆ తర్వాత ఫోను చూస్తూ పడుకుంటాను. ఇదివరకు చుట్టుపక్కల వాళ్లకు చీరలకు ఫాల్స్ వేసేదాన్ని, జాకెట్లు కుట్టేదాన్ని. ఇప్పుడు మిషను మీద దుప్పటి కప్పేశాను. ఎవరైనా పేరంటానికి పిలిచినా ఏదో వంక చెప్పి తప్పుకుంటున్నాను. పాజిటివ్‌గా ఆలోచించమని మావారు, ధ్యానం చేయమని మా తోడికోడలు చెబుతారు. కళ్లు మూసుకుంటే ఆలోచనలు ఇంకా ముసురుకుంటున్నాయి. అన్నీ ఉండి కూడా ఇలా ఉండటం తప్పేమో అనిపిస్తోంది. మనసు కుదుటపడటానికి రోజూ పాటించదగ్గ అలవాట్లు చెప్పండి. ఈ సంగతి పిల్లలకు చెప్పాలా, వద్దా?

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టింది ‘అన్నీ ఉండి కూడా ఇలా ఉండటం తప్పేమో’ అన్న మాట. అందుకే ముందు దాని గురించి చెబుతాను. మనసు కుంగడానికి ఇంట్లో కష్టం ఉండి తీరాలన్న నియమం లేదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో దేశవ్యాప్తంగా జరిపిన సర్వేలో ప్రతి పదిమంది పెద్దవారిలో సుమారుగా ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. వాళ్లలో అప్పులున్నవారూ ఉంటారు, లేనివారూ ఉంటారు. బాధ ఒకటైతే, ‘నేను బాధపడకూడదు’ అనుకుంటూ పడే బాధ ఇంకొకటి. ఈ రెండోదాన్ని ఈ రోజు నుంచే దించేసుకోవచ్చు, దానికి మందు అవసరం లేదు.

మీ జీవితంలో ఏమీ తగ్గలేదని మీరు రాశారు గానీ, చాలానే తగ్గిందని నాకనిపిస్తోంది. ఇరవై ఏళ్లకు పైగా మీ రోజును పిల్లలే నడిపించి ఉంటారు. వాళ్ల బడి బస్సు వేళకు లేవడం, డబ్బాలు కట్టడం, పరీక్షల రోజుల్లో వాళ్లతో పాటు మేలుకోవడం, ఆ తర్వాత అమ్మాయి పెళ్లి పనులు, వీటన్నిటిలో శ్రమ ఉన్నా, ఆ శ్రమ వెనకాలే చిన్న చిన్న తృప్తులు కూడా ఉండేవి. డబ్బా ఖాళీగా తిరిగొస్తే ఒక తృప్తి, కూర బాగుందంటే ఇంకొకటి. పెళ్లితో ఆ పనులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి, వాటితో వచ్చే తృప్తులూ ఆగిపోయాయి. అదే సమయంలో మీరు కుట్టు పని కూడా మానేశారు, పేరంటాలకు వెళ్లడం కూడా మానేశారు. ఇలా పనులు తగ్గేకొద్దీ మనసుకు అందే సంతోషం తగ్గుతుంది, సంతోషం తగ్గేకొద్దీ పనులు చేయాలన్న కోరిక తగ్గుతుంది. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ లెవిన్‌సన్ 1970లలో కుంగుబాటును వివరించింది సరిగ్గా ఈ దారిలోనే.

ఈ చుట్టు నుంచి బయటపడే తోవ గురించి నేను మీకు చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్కటే. ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామని మీరు ఎదురుచూస్తున్నారు. మనసు బాగున్న రోజుల్లో అది సహజంగా జరిగేదే. మనసు డీలాపడ్డప్పుడు మాత్రం ఆ వరస తిరగబడుతుంది, ముందు పని చేయాలి, ఉత్సాహం వెనకాల వస్తుంది. పాత సైకిళ్లకు ఉండే డైనమో లైటు తొక్కితేనే వెలిగేది, వెలిగాక తొక్కుదామని నిలబడితే చీకట్లోనే ఉండిపోతాం. ఇది నేను మీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. 1996లో మనస్తత్వ శాస్త్రవేత్త నీల్ జాకబ్‌సన్, ఆయన సహచరులు కుంగుబాటుతో ఉన్నవారిని మూడు జట్లుగా చేసి, కొందరికి ఆలోచనలను సరిదిద్దుకునే పూర్తి చికిత్స ఇచ్చారు, కొందరికి అందులో కొంత భాగం, మరికొందరికి రోజువారీ పనులను మళ్లీ పట్టాలెక్కించే భాగం మాత్రమే ఇచ్చారు. ఆ చివరి జట్టు కూడా మిగతావారితో సమానంగానే కోలుకుంది. మన దేశంలో గోవాలో సంగత్ సంస్థ, డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం ఇదే పద్ధతిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే రోగుల మీద పరీక్షించారు. చికిత్స చేసింది డాక్టర్లు కారు, కొంత శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఆరేడు సార్లు కలిసి మాట్లాడి, రోజుకు కొన్ని పనులు రాయించి, చేయించారు. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి సైతం మామూలు వైద్యం ఒక్కటే అందుకున్నవారికన్నా ఎక్కువ మేలు జరిగింది.

ఇక మీ మిషను సంగతికి వద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో మందు అక్కడే ఉంది. రేపే కూర్చుని ఒక జాకెట్టు కుట్టేయమని నేను చెప్పను. లైనింగు జాకెట్టు అంటే కొలతలు, కత్తిరింపు, చంకల దగ్గర సర్దుబాటు, హుక్కులు, కాజాలు, ఇన్ని ఉంటాయి. ఈ స్థితిలో అంత పని తలచుకుంటేనే నీరసం వస్తుంది, సగంలో ఆపితే ‘నా వల్ల కాదు’ అన్న నమ్మకం ఇంకాస్త గట్టిపడుతుంది. కాబట్టి మొదటి రోజు దుప్పటి తీసి, దుమ్ము దులిపి, మిషనుకు నాలుగు చుక్కల నూనె వేయండి. అంతటితో ఆపేయండి, ఇంకా చేయాలనిపించినా సరే. రెండో రోజు బాబిన్‌కు దారం చుట్టి, పాత గుడ్డ మీద తిన్నగా నాలుగు కుట్లు వేసి చూడండి. మూడో నాలుగో రోజుకు మీ సొంత చీర ఒకదానికి ఫాల్ వేయండి. దాన్ని ముందు నీళ్లలో తడిపి ఆరేసి ఇస్త్రీ చేసుకోవడం మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అది మీ చేతికి వచ్చిన విద్య. పక్కింటివారి చీర తీసుకోవడం ఆ తర్వాతి మాట. ప్రతి పనికీ ఒక రోజు, ఒక వేళ ముందే రాసి పెట్టుకోండి. ‘వీలైనప్పుడు’ అనుకున్న పని ఈ స్థితిలో ఎప్పటికీ జరగదు. ‘మంగళవారం పదకొండింటికి’ అని కాగితం మీద ఉన్న పని, మనసొప్పకపోయినా, చాలాసార్లు జరిగిపోతుంది.

దీనికి తోడు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని, ఆ రోజు చేసిన పనుల ఎదురుగా రెండు అంకెలు వేయండి. అది చేస్తున్నప్పుడు ఎంత బాగనిపించిందో పదికి ఎన్ని మార్కులు, ఏదో సాధించానన్న భావన ఎంత కలిగిందో పదికి ఎన్ని మార్కులు. మొదటి వారమంతా ఒకట్లూ రెండ్లే పడవచ్చు, దానికి దిగులుపడకండి. ఇలా రాయించడానికి ఒక కారణం ఉంది. కుంగిన మనసు సాయంత్రం వెనక్కి తిరిగి చూసినప్పుడు రోజంతా వృథా అయిందనే తీర్పు చెబుతుంది. పుస్తకంలో చూస్తే మాత్రం మధ్యాహ్నం మిషను దగ్గర కూర్చున్న అరగంటకు నాలుగు, ఫోను చూసిన రెండు గంటలకు సున్నా కనిపిస్తాయి. ఏది మీకు పనికొస్తోందో ఎవరి సలహా లేకుండా మీకే తెలిసిపోతుంది. ఆనందాన్నిచ్చేవీ, సాధించానన్న తృప్తినిచ్చేవీ రెండు రకాల పనులూ రోజులో ఉండేలా చూసుకోండి. మన ఇళ్లలో ఆడవాళ్లు రెండో రకంతో రోజంతా నింపేసి, మొదటి రకాన్ని విలాసమని వదిలేస్తారు. బీరువాలు సర్దడం ఎంత ముఖ్యమో, పాటలు వింటూ డాబా మీద కూర్చోవడం కూడా అంతే ముఖ్యం.

మూడింటికి వచ్చే మెలకువను మీరు నిద్ర సమస్యగా చూస్తున్నారు. నిజానికి అక్కడ బలపడుతున్న సమస్య మరొకటి ఉంది. మెలకువ రావడం ఒక్కటే అయితే కాసేపటికి మళ్లీ నిద్ర పట్టవచ్చు. మీరు ఫోను తీసుకుని, ఎవరెవరివో స్టేటస్సులు చూస్తూ, మధ్యమధ్య ఆలోచనల్లో పడి తెల్లవారేదాకా మంచం మీదే ఉంటున్నారు. రోజులు గడిచేకొద్దీ మంచం అంటే నిద్రపోయే చోటు అన్న సంగతి శరీరం మరిచిపోయి, మెలకువగా ఉండి బాధపడే చోటుగా దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో సూచించిన పద్ధతిని నిద్ర వైద్యులు ఈనాటికీ చెబుతున్నారు. నిద్ర ముంచుకొచ్చినప్పుడే మంచం ఎక్కాలి. సుమారు ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే, గడియారం చూడకుండా అంచనాతోనే, లేచి మరో గదిలోకి వెళ్లాలి. అక్కడ చిన్న దీపం వెలుతురులో పూలు కట్టుకోవడమో, పాత వారపత్రిక తిరగేయడమో చేసి, కళ్లు బరువెక్కాక తిరిగి రావాలి. రాత్రి ఎలా గడిచినా, పొద్దున లేచే వేళ మాత్రం రోజూ ఒకటే ఉండాలి, ఆదివారమైనా సరే. మధ్యాహ్నం పడుకోవడం కొన్నాళ్లు పూర్తిగా మానేయండి. మొదటి వారం పది రోజులు ఇది చాలా కష్టంగా ఉంటుంది, పగలంతా కళ్లు మంటలు పుడతాయి. చాలామంది సరిగ్గా అక్కడే వదిలేస్తారు, మీరు వదలకండి. ఫోను ఛార్జింగు మాత్రం ఈ రాత్రి నుంచే హాల్లో పెట్టండి. టీలో, కాఫీలో ఉండే కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం ఆరింటి టీని మధ్యాహ్నానికి జరపండి.

నిద్రకు పొద్దుటి వెలుతురు చేసే మేలు గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. లేచిన గంట లోపల ఆరుబయటి వెలుగు కంట్లో పడితే మెదడులోని జీవ గడియారం ఆ వేళను పట్టుకుని, రాత్రి నిద్ర వేళను దానికి తగ్గట్టు సరిచూసుకుంటుంది. మీ ఊళ్లో లకారం చెరువు కట్ట మీద ఎంతోమంది నడుస్తారు. అంత దూరమైతే మీ వీధి చివరిదాకా వెళ్లి వచ్చినా చాలు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడవడం వంటి వ్యాయామం చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది గానీ, మీరు ఆ లెక్క పెట్టుకోకుండా పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఖమ్మం ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఆరింటికే వెళ్లిరావాల్సి ఉంటుంది.

పాజిటివ్‌గా ఆలోచించమని మీవారు చెప్పడంలో ప్రేమ ఉంది, కాని ఆ సలహా ఇప్పుడు మీకు పనికిరాదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోఆన్ వుడ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తమ మీద తమకు చిన్నచూపు ఉన్నవారు ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అని తమకు తాము చెప్పుకున్నప్పుడు, వాళ్లకు అలా చెప్పుకోనివారికన్నా ఎక్కువ బాధగా అనిపించింది. నమ్మకం లేని మాటను పైకి అనుకుంటే లోపల ఎదురుమాటలు లేస్తాయి. ఆలోచనలను తరిమేయాలని చూసినా ఫలితం అంతే. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో తెల్ల ఎలుగుబంటి గురించి తలచుకోవద్దని విద్యార్థులకు చెబితే వాళ్లకు అదే పదే పదే గుర్తొచ్చింది, ఆ తర్వాత తలచుకోవచ్చని అనుమతిచ్చినప్పుడు మామూలు కన్నా ఎక్కువగా గుర్తొచ్చింది. తరమడానికి బదులు వాటికో వేళ ఇవ్వండి. సాయంత్రం ఐదు గంటలకు ఒక పావుగంట కుర్చీలో కూర్చుని, మిమ్మల్ని తొలిచేవన్నీ కాగితం మీద రాయండి. అబ్బాయి అక్కడ ఒంటరిగా ఏం తింటున్నాడో, అమ్మాయికి అత్తవారింట్లో ఎలా ఉందో, ఇంక మీ అవసరం ఎవరికీ లేదేమో, ఏదైనా సరే. ఒక్కోదాని పక్కన, దాని విషయంలో నేను చేయగలిగింది ఏమైనా ఉందా అని చూసి, ఉంటే ఆ పనిని రేపటి పనుల్లో వేసుకోండి, లేకపోతే అక్కడే వదిలేయండి. రాత్రి మూడింటికి అదే ఆలోచన వస్తే, ‘నీకు సాయంత్రం ఐదింటికి వేళ ఉంది’ అని వాయిదా వేయడం కొద్ది రోజుల్లో అలవాటవుతుంది.

ధ్యానం విషయంలో మీ తోడికోడలిది తప్పు సలహా కాదు, మీకు వేళ కుదరలేదంతే. ధ్యానంతో ముడిపెట్టిన ఒక ప్రసిద్ధ చికిత్సను దాని రూపకర్తలు తొలుత తయారుచేసింది, కుంగుబాటు నుంచి ఒకసారి కోలుకున్నవారికి అది మళ్లీ రాకుండా చూడటానికి. మనసు బాగా బరువెక్కి ఉన్నప్పుడు కళ్లు మూసుకుని కూర్చుంటే దృష్టంతా ఆ బరువు మీదికే పోవచ్చు. మీకు జరుగుతున్నది అదే. కళ్లు తెరిచి, చేతులు కదిలే పనిలో దృష్టి నిలపడం ప్రస్తుతానికి చాలు, ఫాల్ అంచున సూది దిగి లేచే చోటును చూస్తూ కుట్టడం కూడా ఆ కోవలోదే. రోజూ కృతజ్ఞత రాసుకోవడం, యోగాసనాలు, ఉపవాసాలు వంటి సలహాలు కూడా మీకు చాలా వస్తూ ఉంటాయి. ఇష్టమైతే తర్వాత చూసుకోండి, ఇప్పుడే అన్నీ నెత్తికెత్తుకుంటే ఏదీ నిలబడదు.

మనుషుల దగ్గరికి వద్దాం. పేరంటానికి వెళితే పిల్లల సంగతులు అడుగుతారు, నవ్వుతూ జవాబు చెప్పాలి, అదంతా ఇప్పుడు మీకు భారమే. కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టవద్దు. జిలియన్ శాండ్‌స్ట్రమ్, ఎలిజబెత్ డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించిన పరిశోధనలో, దగ్గరివారితోనే కాకుండా ముఖపరిచయం మాత్రమే ఉన్నవారితో నాలుగు మాటలు కలిసిన రోజుల్లో కూడా మనుషులు ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు కనిపించింది. రైతుబజార్లో కూరలమ్మే ఆమెతో బెండకాయలు ఈ రోజు లేతగా ఉన్నాయని అనడం, దారాల కొట్టులో చీర రంగుకు సరిపోయే రీలు కోసం రెండు నిమిషాలు బేరమాడటం చిన్న విషయాలు కావు. ఆ తర్వాత, మిమ్మల్ని ప్రశ్నలతో వేధించని ఒక్క స్నేహితురాలిని ఎంచుకుని, వారానికి ఒకసారి ఆమెతో నడవడం మొదలుపెట్టండి.

అబ్బాయి ఫోను గురించి మీరు రాయలేదు గానీ, డల్లాస్‌లో పొద్దున తొమ్మిదైతే మన దగ్గర కాలాన్ని బట్టి రాత్రి ఏడున్నరో, ఎనిమిదిన్నరో అవుతుంది కాబట్టి, ఆ కాల్ కోసం రోజంతా ఎదురుచూస్తూ ఉంటారేమో అనిపించింది. ఆ ఫోను రోజులో ఒక సంతోషంగా ఉండాలి, రోజంతటికీ అదొక్కటే ఆధారం కాకూడదు. ‘తిన్నావా, పడుకున్నావా’ అని అడగడంతో పాటు, మీ రోజులో జరిగిందొకటి చెప్పండి. మిషను తీశానని చెబితే వాడికీ ఆనందమే.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటి ఈ వారంలోనే ఉంది. మీ వయసులో శరీరాన్ని పరీక్షించకుండా తప్పంతా మనసుదేనని అనుకోకూడదు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే నెలసరి ఆగిపోతోంది. దానికి ముందూ వెనకా కొన్నేళ్ల పాటు హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల ఒళ్లు వేడెక్కి చెమటలు పట్టడం, తెల్లవారుజామున మెలకువ రావడం, ఊరికే ఏడుపు రావడం మామూలుగా కనిపించేవే. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా, బి12 లోపించినా నీరసం, నిరాసక్తత అచ్చం ఇలాగే ఉంటాయి. మీ ఊళ్లో డాక్టరును కలిసి ఈ రక్త పరీక్షలు, షుగరు చూపించుకోండి. అదే రోజు ఆయనతో, లేదా ఆమెతో, ఏడెనిమిది నెలలుగా ఏ పని మీదా ఆసక్తి లేదని సూటిగా చెప్పండి. రోజులో ఎక్కువ సేపు ఉండే దిగులు, ఆసక్తి పోవడం వంటి లక్షణాలు రెండు వారాలు దాటి ఉంటేనే వైద్యులు దాన్ని పట్టించుకోవాల్సిన కుంగుబాటుగా చూస్తారు. మీది అంతకన్నా చాలా ఎక్కువ కాలం. అందుకే ఈ అలవాట్లు మొదలుపెడుతూనే మానసిక వైద్యులను కూడా ఒకసారి కలవమని చెబుతున్నాను, అలవాట్లు ఫలించాయో లేదో చూశాక వెళదామని ఆగవద్దు. మందులు రాస్తే వాడండి. అవి పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మీ అంతట మీరు ఆపకూడదు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, ఎంత లీలగా వచ్చినా, మీవారిని లేపి చెప్పండి, మానసిక సహాయానికి ఉన్న టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఆ సేవ రాత్రీ పగలూ ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడతారు.

పిల్లలకు చెప్పాలా అన్నారు. చెప్పండి, అయితే ముందు మీవారికి పూర్తిగా చెప్పాక. ఆయనకు ఇది ఇంకా మీ ఆలోచనా ధోరణిగానే కనిపిస్తోందేమో. డాక్టరు దగ్గరికి ఆయనను వెంట తీసుకెళితే సగం సంగతి అక్కడే అర్థమవుతుంది. పొద్దున నడకకు తోడు రమ్మని, రాత్రి ఫోను హాల్లో పెట్టించే పూచీ తీసుకోమని ఆయనను అడగండి, ‘నన్ను అర్థం చేసుకోండి’ అనడం కన్నా ఇది ఆయనకు సులభం. పిల్లలకు మాత్రం డాక్టరును కలిసి వచ్చిన రోజున, ఇద్దరికీ ఒకేసారి, ‘కొన్నాళ్లుగా నాకు మనసు బాగోలేదు, డాక్టరుకు చూపించుకున్నాను, ఇవీ చేస్తున్నాను’ అని చెప్పండి. అప్పుడు వాళ్లు భయపడి విమానం ఎక్కేయరు, మీరు దాస్తున్నారని అనుమానించనూ అనుమానించరు. ఏం చేయమంటావమ్మా అని అడిగితే, అమ్మాయికి ఒక పని చెప్పండి. కొలతకు తన పాత జాకెట్టు ఒకటి పంపమనండి.